పాత ట్రక్కునకు నాలుగు చక్రముల నడక



వెనుక చక్రములు త్రోయుచుండగా ముందు చక్రములు దారి చూపుచు పోవుట ట్రక్కునకు పుట్టుకతో వచ్చిన నడక. రోడ్డు చక్కగా నున్నంతవరకు ఆ నడకకు వచ్చిన లోటేమియు లేదు. కాని బురదనేలలో, ఏటి ఇసుకలో, మంచు గడ్డకట్టిన కొండ మలుపులలో, కలప దుంగలు తరలించు అడవి బాటలలో వెనుక చక్రములు రెండును నిలిచినచోటనే గిరగిర తిరిగి తమ గోతిని తామే త్రవ్వుకొనుచుండగా, బండి బరువులో మూడవ వంతునకు పైగా మోయుచున్న ముందు చక్రములు ఏ సాయమును చేయజాలక ఊరకుండుట చూచినవారికి, వానికి గూడ ఇంజను బలమును పంచి యిచ్చిన బాగుండునుగదా యను తలంపు పుట్టుట సహజము. ఆ తలంపును ఆచరణలో పెట్టదలచినవారు మొట్టమొదట ఎదుర్కొనవలసిన ప్రశ్న ఇరుసుల ప్రశ్న. ఏ ఇరుసులు ఎంచుకొనవలెను, ఎందుకు ఎంచుకొనవలెను అను విషయమే నేటి ప్రసంగమునకు వస్తువు.

ఈ ప్రయత్నము నిన్న మొన్నటిది కాదు. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రమందలి క్లింటన్‌విల్ అను చిన్న పట్టణమున యంత్రముల మరమ్మతు చేసికొని జీవించుచుండిన ఒట్టో జాకో, విలియం బెసర్డిచ్ అను నిరువురు, ప్రక్కకు తిరుగు ముందు చక్రమునకు ఇంజను బలము నందింపగల కీలు నొకదానిని కల్పించి 1908లో పేటెంటు పొందిరి. వారి కృషినుండి పుట్టిన ఎఫ్.డబ్ల్యు.డి., అనగా ఫోర్ వీల్ డ్రైవ్, ట్రక్కులు మొదటి ప్రపంచ సంగ్రామకాలమున వేలకొలదిగా సైన్యములకు పనిచేసినవి. 1931లో ఇండియానాపొలిస్ నగరమున వెలసిన మార్మన్-హెరింగ్టన్ సంస్థ 1935 మొదలుకొని ఫోర్డు ట్రక్కులను నాలుగు చక్రముల చోదనమునకు మార్చి యిచ్చుచు వచ్చెను. 1950ల దశకమున మినియాపొలిస్ నగరమందలి నాప్కో సంస్థ ముందు ఇరుసు, ఇంజను బలమును రెండు ఇరుసులకును పంచు ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు, బిగింపు పట్టీలు అన్నియు కలిపి 'పవర్-పాక్' అను పేర నొక్క కట్టగా అమ్మగా, 1957 నాటికి షెవర్లేవారు దానిని తమ కర్మాగారముననే బిగించి యిచ్చుటకు పూనుకొనిరి.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. ఆనాడు ఆ కట్టను కొన్న రైతునకుగాని, అటవీ కాంట్రాక్టరునకుగాని ఇరుసు ఎంపికయను చిక్కే లేదు. ముందు ఇరుసు గేర్లకు ఎన్ని పళ్లుండవలెనో, ట్రాన్స్‌ఫర్ కేసు ఏ వైపునకు దిగవలెనో, కమాను పట్టీలు ఎంత యెడమున కూర్చుండవలెనో అంతయు కంపెనీ ఇంజనీర్లే ముందుగా నిర్ణయించి యుంచిరి. నేడు పాత ట్రక్కును మార్చువాడు ఒక ఇరుసును ఒక పాత సామానుల దొడ్డినుండి, మరియొకదానిని మరియొక దొడ్డినుండి, ట్రాన్స్‌ఫర్ కేసును మూడవచోటి నుండి సేకరించి తెచ్చుకొనును. ఆనాటి ఇంజనీర్లు చేసిన పొంతన నేడు అతడే చేసికొనవలసి యున్నది. కావున బలమైన ఇరుసు ఏది యని వెదకుట పనిలో సగము మాత్రమే. ఒకదానితో నొకటి పొసగు ఇరుసులు ఏవి, విరుగవలసి వచ్చినప్పుడు ఏ భాగము విరుగవలెను అని నిశ్చయించుట అసలైన పని.

మొదట బరువు సంగతి చూతము. ఇరుసు చేయు పనులు రెండు: బండి బరువును మోయుట, చక్రమును త్రిప్పుట. అర్ధప్లవన ఇరుసునందు, అనగా మెకానిక్కులు సెమీ-ఫ్లోటింగ్ అని పిలుచు రకమునందు, ఈ రెండు పనులను లోపలి షాఫ్టు ఒక్కటియే చేయును. చక్రము నేరుగా ఆ షాఫ్టు కొననే బిగింపబడి యుండును. షాఫ్టు విరిగెనా, చక్రము బండిని విడిచిపోవును. పూర్ణప్లవన ఇరుసునందు, అనగా ఫుల్-ఫ్లోటింగ్ రకమునందు, హబ్బు రెండు శంఖాకారపు రోలర్ బేరింగులపై, హౌసింగు కొనయందలి గొట్టముపై తిరుగుచుండును. బరువంతయు హౌసింగే భరించును. షాఫ్టునకు త్రిప్పు పని తప్ప వేరు భారము లేదు. ఇట్టి ఇరుసును గుర్తించుట కష్టము కాదు: చక్రము నడుమ గిన్నెవలె ముందుకు పొడుచుకొని వచ్చిన హబ్బును, దాని చుట్టును వరుసగా బిగించిన చిన్న బోల్టులును కనబడును. ఆ బోల్టులను విప్పినచో జాకీ యెత్తకయే, చక్రము కదల్పకయే, షాఫ్టును నిలువునా బయటికి లాగవచ్చును. బరువులు మోయు ట్రక్కునకు వెనుక ఇరుసు పూర్ణప్లవనమే కావలెననుటలో నాకు సందేహము లేదు.

ఇక త్రిప్పుబలము. దీనిని అంకెలతో చూచిననేగాని విషయము తేటపడదు గనుక, ఒక ఉదాహరణము తీసికొందము. 1950ల నాటి షెవర్లే ట్రక్కు. 235 ఘనపుటంగుళముల ఆరు సిలిండర్ల ఇంజను. దాని త్రిప్పుబలము సుమారు 28 కిలోగ్రాము-మీటర్లు. ఆనాటి నాలుగు గేర్ల పెట్టెలో మొదటి గేరు నిష్పత్తి 7.05. దాని వెనుక ఎన్.పి. 205 అను పోత ఇనుపపెట్టెగల ట్రాన్స్‌ఫర్ కేసును పెట్టినచో దాని తక్కువ గేరు 1.96. ఇరుసులందలి నిష్పత్తి 4.56 అనుకొందము. ఈ మూడింటిని వరుసగా గుణించినచో చక్రములకు చేరు బలము సుమారు 1,760 కిలోగ్రాము-మీటర్లు. ఇంజనునుండి బయలుదేరిన ఇరువదియెనిమిది అరువది రెట్లకు మించి పెరిగినది.

ఇరుసు ఇంత బలమును భరింపవలెనా యని అడుగవచ్చును. భరింపనక్కరలేదు, ఏలయన టైరు నేలను పట్టుకొన్నంతవరకే బలము పనిచేయును, పట్టు తప్పినచో చక్రము జారిపోవును. పొడి గట్టినేలపై టైరు పట్టు దానిమీది బరువులో పదింట ఎనిమిది వంతులనుకొందము. ముందు ఇరుసుపై 1,800 కిలోలు, సరకు నింపినప్పుడు వెనుక ఇరుసుపై 3,200 కిలోలు, టైరు వ్యాసార్ధము 45 సెంటీమీటర్లు అయినచో, ముందు ఇరుసు సుమారు 650, వెనుక ఇరుసు సుమారు 1,150 కిలోగ్రాము-మీటర్లు పుచ్చుకొన్నంతనే టైర్లు జారుటకు సిద్ధమగును. రెండును కూడినచో 1,800. అనగా నిండు బరువుతో ఈ ట్రక్కు తన ఇంజను బలమునంతయు నేలపై చూపగలదు. ఖాళీగా నున్నప్పుడు టైరు ముందే జారి ఇరుసును కాపాడును. దీనినిబట్టి తేలిన దేమనగా, ఇరుసుపై పడు శ్రమను నిర్ణయించునది ఇంజను కంటెను ముందుగా టైరు, దానిపై నున్న బరువు. అదే ట్రక్కునకు 55 సెంటీమీటర్ల వ్యాసార్ధముగల పెద్ద టైర్లు వేసినచో, ఇంజను మారకున్నను, ఇరుసు భరింపవలసిన గరిష్ఠశ్రమ నూటికి ఇరువదిరెండు వంతులు పెరుగును. ఇరుసులు కొన్న పిమ్మట టైర్లను గూర్చి ఆలోచించువాడు లెక్కను తలక్రిందులుగా చేయుచున్నాడన్నమాట.

ఇప్పుడు పేర్లు. అమెరికా సామానుల దొడ్లలో మిక్కిలిగా వినవచ్చునవి డానా కంపెనీ ఇరుసులు. డానా 44 యందలి క్రౌను చక్రము, అనగా షాఫ్టులను త్రిప్పు పెద్ద గేరు, 8.5 అంగుళములు, తేలికబండ్లకు చాలును గాని మన ట్రక్కునకు చాలదు. డానా 60 యందు అది 9.75 అంగుళములు, డానా 70 యందు 10.5 అంగుళములు. 1973 నుండి జనరల్ మోటార్స్ ట్రక్కులలో వచ్చిన పూర్ణప్లవన ఇరుసు, మూతకు పదునాలుగు బోల్టులుండుటచే 'ఫోర్టీన్ బోల్ట్' అని పేరు వడసినది, దానికిని క్రౌను 10.5 అంగుళములే. ఈ చివరిదాని విశేషమేమనగా, క్రౌనును త్రిప్పు చిన్న గేరైన పినియను వెనుక వైపున నున్న రెండు బేరింగులపైననే ఆధారపడక, పళ్లకు ముందు వైపునను మూడవ బేరింగు పట్టు కలిగియుండును. అందువలన భారము పెరిగినప్పుడు పినియను క్రౌనునుండి దూరముగా తొలగిపోవుటకు వీలు తక్కువ. వీని కన్నింటికి పైన, సైన్యపు రెండున్నర టన్నుల ఎం-35 ట్రక్కులనుండి వచ్చు రాక్‌వెల్ ఇరుసులు గలవు. వీని పినియను హౌసింగు తలపైన అమరియుండును, నిష్పత్తి 6.72, మోటుదనమునకు పెట్టినది పేరు. వీనిని చూచి మనసుపడనివారు అరుదు. కాని వీనికి చెల్లింపవలసిన మూల్యమును గూడ లెక్కింపవలెను. పైన చెప్పిన 45 సెంటీమీటర్ల టైర్లతో, గంటకు 80 కిలోమీటర్ల వేగమున, 4.56 నిష్పత్తిగల ఇరుసునకు ఇంజను నిమిషమునకు సుమారు 2,150 మారులు తిరుగగా, ఈ సైన్యపు ఇరుసునకు సుమారు 3,170 మారులు తిరుగవలసి వచ్చును. ముసలి ఆరు సిలిండర్ల ఇంజను ఆ వేగమున చిరకాలము సాగదు. మిక్కిలి పెద్ద టైర్లు వేయువారికే ఆ ఇరుసులు తగినవి.

నిష్పత్తి మాట వచ్చినది గనుక, ముందు వెనుక ఇరుసుల నిష్పత్తులు ఒక్కటిగా నుండవలెనను నియమమును నొక్కి చెప్పవలసి యున్నది. ఒకే కాడికి కట్టిన ఎడ్లు రెండు వేర్వేరు నడకలు నడచినచో బండి ముందుకు సాగుట యటుండగా, కాడియే విరుగును. ఒక ఇరుసున 4.10, రెండవదానియందు 4.56 ఉన్నచో ఒకటి రెండవదానికంటె నూటికి పదునొకండు వంతులు వేగముగా తిరుగజూచును. ట్రాన్స్‌ఫర్ కేసు ఆ రెండింటిని బిగబట్టి కట్టియుంచును. మధ్యనున్న షాఫ్టులు మెలిపడుచు, టైర్లు ఈడ్చుకొనిపోవుచు, చివరకు ఏదో యొకచోట తెగును. ఒక తయారీదారు 4.10 అనియు, మరియొకరు 4.11 అనియు వ్రాసిన ఇరుసులు కలిసి పనిచేయుటకు అభ్యంతరము లేదు. తేడా నూటికి ఒక వంతు దాటరాదు. మూతమీది బిళ్లపై చెక్కిన అంకెను నమ్ముటకంటె, మూత విప్పి క్రౌను పళ్లు, పినియను పళ్లు లెక్కించి భాగించుట మేలు. పాత ఇరుసునందలి గేర్లను మధ్యలో నెవరు మార్చిరో ఆ బిళ్లకు తెలియదు.

తరువాతి చిక్కు వైపు. ముందు ఇరుసుపై ఈ గేర్లుండు డిఫరెన్షియల్ గుండు నడుమ నుండక ఒక ప్రక్కకు ఒదిగి యుండును. ట్రాన్స్‌ఫర్ కేసునుండి ముందునకు వచ్చు షాఫ్టు ఆ ప్రక్కనే దిగవలెను. 1970ల చివర నుండి ఫోర్డువారి డానా 60 ముందు ఇరుసులకు ఆ గుండు ఎడమన, అమెరికాలో డ్రైవరు కూర్చుండు వైపున ఉండెను. షెవర్లే, డాడ్జి ట్రక్కులకు కుడివైపున ఉండెను. ఎన్.పి. 205 రెండు వైపులకును దొరకును గాని, కుడివైపు దిగుదానికి ఎడమవైపు ఇరుసును జతచేయుట సాధ్యము కాదు. అంతేగాక ఫోర్డు ఇరుసునందు పినియను క్రౌను నడిమి గీతకు పైన నుండుటచే షాఫ్టు రాళ్లకు అందకుండ ఎత్తున పోవును, ముందుకు నడచునప్పుడు పళ్లు తమ బలమైన ముఖముతోనే ఒరయును. పినియను దిగువన నున్న ఇరుసును ముందు బిగించినచో గేర్లు తమ బలహీనమైన వెనుక ముఖముపై భారము మోయవలసి వచ్చును. పెద్ద క్రౌను ఉన్నచో ఇది సహింపదగిన లోపమే.

ఇచ్చట అనుభవము లేనివారు మరచు సూక్ష్మమొకటి కలదు. ఏకఖండమైన ముందు ఇరుసునందు చక్రము ప్రక్కకు తిరుగుటకు ఆధారమైన కింగ్‌పిన్నుల వంపును, పినియను కోణమును ఒకే హౌసింగు నిర్ణయించును. కింగ్‌పిన్ను తల కొంచెము వెనుకకు వాలియున్ననే, అనగా నాలుగైదు డిగ్రీల కాస్టరు ఉన్ననే, మలుపు తిరిగిన స్టీరింగు తనంతట తాను నిటారునకు వచ్చును. ట్రక్కును ఎత్తుచేసినవారు షాఫ్టు కోణము తగ్గించుటకై పినియను ముక్కును పైకి త్రిప్పుదురు. త్రిప్పినకొలది కాస్టరు కరగిపోవును, రోడ్డుపై బండి అటునిటు తడబడును. రెండును సరిగా కుదురవలెనన్న హౌసింగు కొనలయందలి కొమ్ములను వెల్డింగు విప్పి త్రిప్పి మరల అతుకవలెను. అది నిపుణుని చేతి పని. కావున బండిని అనవసరముగా ఎత్తుచేయకుండుటయే మొదటి మందు.

చక్రము మలుపు తిరుగుచోట నుండు కీలును గూర్చి రెండు మాటలు. సామాన్యమైన క్రాస్ జాయింటు వంగినప్పుడు సమవేగముతో తిరుగదు. 30 డిగ్రీల వంపున అవతలి షాఫ్టు ఒక చుట్టులోనే నూటికి పదుమూడు వంతులు వెనుకబడి, పదునైదు వంతులు ముందునకు దూకుచుండును. ఆ కుదుపు స్టీరింగు చేతికి తెలియును. ర్జెప్పా కీలు వంటి సమవేగపు కీళ్లకు ఈ దోషము లేదు గాని, అవి ఖరీదైనవి, విరిగినచో దారిలో బాగుచేయుటకు వీలుగానివి. క్రాసు ఏ చిన్న ఊరనైనను దొరకును. నెమ్మదిగా బరువు లాగు ట్రక్కునకు క్రాసుగల, బయటికి తెరచియున్న కీలే తగినదని నా అభిప్రాయము.

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వత్తము: ఏది విరుగవలెను? షాఫ్టు బలము దాని వ్యాసముయొక్క ఘనమునుబట్టి మారును. ఒకటిన్నర అంగుళముల కడ్డీని 1.31 అంగుళములకు సన్నము చేసినచో కన్నునకు కనబడు తేడా స్వల్పము. కాని బలము మూడింట రెండు వంతులకు పడిపోవును. డానా 60 ముందు ఇరుసులలో లోపలి షాఫ్టు ఒకటిన్నర అంగుళములుండి, చక్రమువైపు తునక అంతకంటె సన్నముగా నుండునవి అనేకము. కొందరు దీనిని లోపమని యెంచి తక్షణమే లావైన దానిని చేయించుకొందురు. నే నట్లు తలంపను. సన్నని తునక చక్రము చెంతనే యున్నది; హబ్బు విప్పిన చేతికి వచ్చును; దానిని లావుచేసినచో ఆ శ్రమ లోపలికి నడచి కీలునో, గేర్లనో చేరును. 1948లో ఆర్థర్ వార్న్ జీపులకై రూపొందించిన హబ్బు తాళములును ఇట్లే ఉపకరించును: రోడ్డుపై నడచునప్పుడు ముందు షాఫ్టులు వ్యర్థముగా తిరుగకుండ విడిపించుట వాని ముఖ్యధర్మమైనను, మితిమీరిన బలము వచ్చినప్పుడు మొదట అవి పగిలి, వెనుకనున్న విలువైన భాగములను కాపాడును. క్రౌను పళ్లు రాలినచో ఆ ముక్కలు హౌసింగు నంతయు చెరచును. హబ్బు తాళము పగిలినచో గూటిలోనున్న రెండవదానిని బిగించుకొని సాయంత్రమునకు ఇల్లు చేరవచ్చును.

పాత ఇరుసును కొనునప్పుడు నూనె రంగు చూడవలెను. పాలవలె తెల్లబారినచో నీరు చొరబడినది, బేరింగులు తుప్పు పట్టియుండును. మూతలోని బురదను వ్రేళ్లతో నలిపి లోహపు రేకులు తగులునేమో చూడవలెను. సన్నని బూడిదరంగు పొడి సహజము, చురుకైన అంచుగల తునకలు ప్రమాదసూచన. చక్రమును పైనను క్రిందను పట్టి ఊపినచో కింగ్‌పిన్ను వదులు తెలియును. హౌసింగు గొట్టములు గుండునందు చేరుచోట వెల్డింగు చీలియున్నదేమో, త్రాడు పట్టి చూచి గొట్టము వంగియున్నదేమో కనుగొనవలెను. గేర్లు, బేరింగులు మార్చుకొనవచ్చును. వంగిన హౌసింగును మాత్రము వదలివేయుటయే లాభము.

మన ఉదాహరణపు ట్రక్కునకు ఈ విచారమంతయు అన్వయించినచో ఫలితమిట్లు తేలును: వెనుక పదునాలుగు బోల్టుల ఇరుసు, ముందు షెవర్లే తరగతి డానా 60, రెండింటను 4.56 గేర్లు, కుడివైపు దిగు ఎన్.పి. 205. ఈ రెండు ఇరుసుల చక్రములకును ఎనిమిది బోల్టులు, 6.5 అంగుళముల వలయము గనుక ఒక్క అదనపు చక్రము రెండు చోట్లకు పనికివచ్చును. వెనుక జంటటైర్లున్నచో ముందు హబ్బును గూడ వానికి సరిపడునట్టిది ఎంచుకొనవలెను. బ్రేకుల మాస్టరు సిలిండరును కొత్త ఇరుసుల సిలిండర్లకు తగినట్లు మార్చుకొనవలెననుట చెప్పనక్కరలేదు.

మన దేశమందలి శ్రోతలకు ఒక హెచ్చరిక అవసరము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఆ నిషేధమును దృఢపరచినది. విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలకు ఇరుసు విప్పి బిగించుట కొత్త గాదు. హౌసింగు వంకరను కంటితో పసిగట్టగలవారు అందున్నారు. అయినను ఈ మార్పు చేసిన లారీని రోడ్డెక్కించుటకు ఆ నైపుణ్యము చాలదు, చట్టపు అనుమతి కావలెను. అమెరికాలో స్థిరపడి పాత ట్రక్కులపై మక్కువ పెంచుకొన్న తెలుగువారు సైతము తమ రాష్ట్రపు నిబంధనలను ముందుగా విచారించుకొనుట మంచిది.

పాత సామానుల దొడ్డికి పోవువాడు నాలుగు సంగతులు కాగితముపై వ్రాసికొని పోవలెను: ఒక్కొక్క ఇరుసుపై పడు నిండు బరువు, వేయదలచిన టైరు వ్యాసము, తనకు కావలసిన వేగమునకు తగిన గేరు నిష్పత్తి, ట్రాన్స్‌ఫర్ కేసు దిగు వైపు. కమాను పట్టీల మధ్య దూరమును గూడ చేర్చినచో అయిదు. ఈ అయిదింటికి నిలిచిన ఇరుసు ఏ కంపెనీదైనను మంచిదే. ఒక్కదానికి నిలువనిది ఎంత పేరుపొందినదైనను, ఎంత చౌకగా వచ్చినను, దానిని దొడ్డిలోనే యుండనిచ్చుట ఉత్తమము.